కందకానికి తగ్గ టైరు

జూన్ 4

అన్నతో నాకు తగువేమీ లేదు. ఈ మాట ముందే రాసి పెట్టుకుంటున్నాను.

పొద్దున జీపులో పాలక్యాన్లు ఎక్కించుకుని బయల్దేరేసరికి బాటకి అడ్డంగా కందకం ఉంది. అడుగు వెడల్పు, మోకాలి లోతు. తవ్విన మట్టి నా వైపే పోశాడు. బాట అన్న వాటాలోంచి పోతుంది, నిజమే. పంపకాలప్పుడు నీ బండి నా చేలోంచే పోనివ్వరా అన్నది కూడా అన్నే. కాగితం మీద పెట్టలేదు. నోటిమాట చాలనుకున్నాను. అన్న నోరు తెరిస్తే అబద్ధమేనని అప్పటికి తెలియదు.

గొడవంతా నీళ్ళ గొట్టం గురించి. బాటకి అడ్డంగా రబ్బరు గొట్టం పరిచి అవతలి పొలం చెక్కకి నీళ్ళు పెట్టుకుంటాడు. నా చక్రాల కింద పడి మూడుసార్లు పగిలింది. కావాలనే తొక్కుతున్నానంటాడు. మూడింటిలో రెండుసార్లు కావాలని కాదు.

పద్దెనిమిది గేదెలు నాకు. ఎనిమిదింటికల్లా పాలు కేంద్రానికి చేరకపోతే పారబోసుకోవడమే. ఇంకో దారి లేదు, వెనక అంతా బండలు. క్యాన్లు భుజాన వేసుకుని తారురోడ్డు దాకా మోశాను. చేరేసరికి సగం విరిగాయి.

జూన్ 5

కందకం పూడుస్తుంటే అన్న వచ్చాడు.

"పార కింద పెట్టరా."

"బాట నాది కూడా."

"నీది నీ దొడ్లో వెతుక్కో. ఇది నా చేను."

"అడ్డంగా గొట్టం వేసినవాడివి నువ్వు."

"తొక్కినవాడివి నువ్వు. ఆ బండెక్కితే నీకు కళ్ళు నెత్తికెక్కుతాయి. కింద మనుషులు ఆనరు."

ముందు కొట్టింది అన్నే. నా చేతిలో పార లాక్కుని కామతో మూతి మీద వేశాడు. కింది పన్ను ఊడి నాలిక మీద పడింది. ఉమ్మేశాను. బండి దగ్గరికి పోయి చక్రాల స్పానర్ తెచ్చేదాకా అన్న అక్కడే నిలబడి ఉన్నాడు. పోవచ్చు. పోలేదు. మోకాలి మీద ఒకటే వేశాను. పచ్చికొమ్మ విరిచినట్టు చప్పుడైంది. పడ్డాక ఇంకోటి వేశాను గాని అది లెక్కలోకి రాదు, గురి తప్పి నేలకి తగిలింది.

వదిన, మా ఆవిడ ఇద్దరూ పరుగెత్తుకొచ్చారు. వాళ్ళు అక్కచెల్లెళ్ళు. ఒకే రోజున మా ఇద్దరికీ ఇచ్చి చేశారు. వదిన అన్న తల పట్టుకుంది, మా ఆవిడ కాలు పట్టుకుంది. నన్నెవరూ పట్టుకోలేదు. నోట్లోంచి నెత్తురు కారుతున్నది నాకు.

జూన్ 9

పన్ను ఊడిన చోటికి నాలిక పోతూనే ఉంది.

జూన్ 13

పూడ్చిన కందకం మళ్ళీ తవ్వి ఉంది. అన్న కాలికి తొడ దాకా కట్టు. పాలక్యాను ఒకటి బోర్లించి, దాని మీద కూర్చుని వేలు చూపిస్తుంటే వదిన తవ్వింది. నీళ్ళు కూడా బాట మీదికి వదిలారు. బండి ఎక్కించబోతే ముందు చక్రం దిగబడి ఇరుసు నేలకి కొట్టుకుంది. ఒక క్యాను దొర్లి మూత ఊడింది. అన్న నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

బండిని ట్రాక్టరుతో గోతిలోంచి అవతలికి లాగించి, టైర్ల బాబాయి దగ్గరికి పోయాను. ఆయన ఎవరికీ బాబాయి కాదు, అందరూ అలాగే పిలుస్తారు. బండి చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. పోయినేడు స్ప్రింగుల కింద దిమ్మలు వేయించి నాలుగంగుళాలు లేపించాను.

"ఒళ్ళు పెంచావు సరే, కాళ్ళకి చంటిపిల్ల చెప్పులు తొడిగావేంటి?"

"అడుగు వెడల్పు గొయ్యి దాటాలి బాబాయ్."

"పూడ్చుకో. పారకి డీజిలు అక్కర్లేదు."

"పూడిస్తే మళ్ళీ తవ్వుతారు."

"ఎవరు?"

నా మూతి వంక చూసి ఆయనే ఆ సంగతి వదిలేశాడు. ఉన్నవి ఇరవైతొమ్మిది అంగుళాలవి. ముప్పైమూడు వెయ్యమన్నాడు. చక్రం ఎంత పెద్దదైతే గోతిలోకి అంత తక్కువ దిగుతుందట.

"కానీ పెద్ద టైరు ఉత్తినే రాదబ్బాయ్. మీటరు యాభై చూపిస్తే నువ్వు యాభైయేడు మీద పోతుంటావు. బ్రేకు తొక్కాక నీ మాట వినడానికి కాస్త ఆలోచిస్తుంది. స్టీరింగు నిండా తిప్పావంటే మడ్‌గార్డుని గోకుతుంది. రోడ్డు టైరా, బురద టైరా?"

బురద అన్నాను. పెద్ద పెద్ద దిమ్మలున్నవి, దిమ్మకీ దిమ్మకీ మధ్య నాలుగు వేళ్ళు పడతాయి. తారురోడ్డు మీద తేనెపట్టు కదిపినట్టు రొద. నాకు నచ్చింది. వస్తున్నట్టు ముందే తెలుస్తుంది.

జూన్ 16

దాటింది.

కందకం ముందు బండి పూర్తిగా ఆపాలి. ఆపితేగాని చిన్న గేరు పడదు. చిన్న గేరులో నడిచే మనిషి కంటే నెమ్మదిగా పోతుంది గాని దేన్నైనా ఎక్కుతుంది. ముందు చక్రాలు, తరవాత వెనకవి. క్యాన్లు కదల్లేదు. అన్న క్యాను మీద కూర్చుని చూస్తున్నాడు. నేను హారను కొట్టాను. అది పలకరింపే.

జూన్ 17

దాటింది.

జూన్ 21

ఇవాళ కందకం రెండడుగులకి దగ్గరగా ఉంది. అయినా ఎక్కించాను. ముందు చక్రం సగం దిగి లేచే సమయానికి అన్న కూర్చున్న చోటి నుంచే గడ్డపలుగుతో టైరు పక్కగోడలో పొడిచాడు. నేలకి ఆనే భాగంలో పొడిచినా దిగదు, పక్కగోడ పలచన. చూసి పొడిచాడు. గాలి పోయిన చప్పుడుకి బండి ఒక పక్కకి ఒరిగి ఆరు క్యాన్లూ నా మీదికి వచ్చాయి. చొక్కా అంతా పాలు.

దిగాను. మెడ పట్టుకుని క్యాను మీద నుంచి ఈడ్చాను. చంకకర్రతో చెవి మీద కొట్టాడు. నేను కట్టు ఉన్న కాలి మీద నిలబడ్డాను. రెండు కాళ్ళతోనూ. అన్న అరుపు మా కొట్టం దాకా వినిపించిందట, గేదెలు లేచి నిలబడ్డాయని మా ఆవిడ చెప్పింది. వదిన వచ్చి నా జుట్టు పట్టుకుని వెనక్కి లాగింది.

"చంపుతావా? చంపు. చంపి తీసుకుపో నీ పాలు."

"ముందు పొడిచింది ఎవరో అడుగు."

"నాకు ముందూ వెనకా వద్దు. దిగు కాలి మీంచి."

దిగాను. టైరు మార్చుకుంటుంటే వదిన అన్నని లేపింది. నేను మూడు నట్లు విప్పేసరికి అన్న నిలబడ్డాడు. ఒక్కడే అయితే ఆ మాత్రం కూడా లేవలేడు.

ఇంటికొచ్చాక మా ఆవిడ, "ఇక చాల్లే" అంది. ఒక్కటి కొట్టాను.

జూన్ 22

రెండు.

జూన్ 25

మా ఆవిడకి ఎడమ చెవి సరిగా వినబడటం లేదు. పిలిస్తే కుడివైపు తిరిగి చూస్తోంది. మొదటి నుంచీ కాస్త చెవుడే.

నాలుగు రోజులుగా క్యాన్లు మోస్తున్నాను. స్టెప్నీతో ఆ గొయ్యి దాటదని బండి తారురోడ్డు వైపే వదిలేశాను. భుజం మీద తోలు లేచింది. అన్న వాటాలోనే నడుస్తున్నాను, నడిస్తే ఏమీ అనడు. బండి మీద వస్తేనే.

జూలై 1

"మళ్ళీ వచ్చావా? ఎంతయింది గొయ్యి?"

"రెండడుగులు."

"తవ్వేవాడు ఓపికమంతుడు." బాబాయి టైరు చీలికలో వేలు పెట్టి చూశాడు. "ఇది పలుగు."

"రాయి."

"రాయికి ఇంత గురి ఉండదబ్బాయ్."

రెండు రకాలు దింపి చూపించాడు. ఒకటి వెడల్పు ఎక్కువ, పక్కలు మెత్తన, కుదుపు తినేస్తుంది. రెండోది ముప్పైఅయిదు అంగుళాలు, పక్కగోడ మూడు పొరలు. దాని మీద పిడికిలితో గుద్దితే నా చెయ్యే నొప్పెట్టింది. పలుగు దిగుతుందా అని అడిగాను.

"టైరు కొనడానికొచ్చావా, యుద్ధానికి పోతున్నావా?"

"పాలు పోయడానికి."

"అయితే గేదెలకి కూడా తొడుగు నాలుగేసి." నవ్వి, వెంటనే నవ్వు ఆపేశాడు. "ఇది వేస్తే మడ్‌గార్డులు కొయ్యాలి. ఇంకా రెండంగుళాలు పెంచాలి. అప్పుడు నువ్వు బండి మీద కాదు, మిద్దె మీద కూర్చున్నట్టే. ఎదర ఏమున్నదీ తెలియదు."

ఆ రెండోదే అన్నాను.

బిగించాక ఎక్కి కూర్చోమన్నాడు. పంక్చర్లు చూసే నీళ్ళ బకెట్ తెచ్చి బానెట్ ముందు పెట్టాడు.

"కనబడుతోందా?"

"లేదు."

బకెట్ పట్టుకుని వెనక్కి నడుస్తూ, ఆగుతూ, అడుగుతూ పోయాడు. చాలా దూరం పోయాక అంచు కనబడింది. పాదాలతో కొలిచాడు.

"పదకొండు అడుగులు. ఇంతకంటే దగ్గర్లో బకెట్ ఉంటే నీకు తెలియదు. కోడి గానీ పాకే బిడ్డ గానీ అంతే. గుర్తుపెట్టుకో."

గుర్తుపెట్టుకున్నాను. రాసుకుంటున్నాను కూడా. పదకొండు అడుగులు.

జూలై 2

మడ్‌గార్డులు నేనే కోశాను. కోత యంత్రం నిప్పురవ్వలు చొక్కా మీద పడి చిల్లులు. మా ఆవిడ కుడిచెవి నా వైపు పెట్టి నిలబడి చూసింది.

"ఏం కోస్తున్నావు?"

"రాసుకుంటుందని."

"బావతో నేను మాట్లాడనా? నా మాట వింటాడు."

"ఏం మాట్లాడతావు?"

"గొట్టం భూమిలోకి దించుకోమంటాను. నువ్వు తవ్విపెడతావని చెబుతాను. ఒక్కపూట పని."

ఒక్కపూట పనే. కానీ నేను తవ్వాలట.

జూలై 4

మూడు పొరలకి పలుగు దిగలేదు. రెండుసార్లు పొడిచాడు. రెండోసారి పలుగు జారి వెనక్కొచ్చి అన్న పొట్టకే తగిలింది. బండిలోంచి చూశాను. ఇవాళ నవ్వొచ్చింది. పన్ను లేని చోట గాలి దూరి ఈలలా వచ్చింది.

జూలై 6

అన్న కొత్త పని మొదలుపెట్టాడు. క్యానుని కందకం అవతలి గట్టు మీదికి, సరిగ్గా బాట మధ్యకి జరిపి కూర్చున్నాడు. చంకకర్ర ఒళ్ళో అడ్డంగా పెట్టుకున్నాడు. బండి ఆపి తల బయటికి పెట్టాను.

"లే."

"నా చేలో నేను కూర్చున్నాను."

"ఎక్కిస్తాను."

"ఎక్కించు. పెద్ద టైర్లు వేసుకున్నావుగా."

"లే అన్నా."

"నువ్వు దిగి నడిచి రా, లేస్తాను. నడిచి వస్తే మజ్జిగ కూడా ఇస్తాను."

వదిన వచ్చి క్యానుతో సహా పక్కకి లాగింది. నేను దాటాను. అద్దంలో చూస్తే మళ్ళీ మధ్యకి జరుగుతున్నాడు, కూర్చునే, పిర్రల మీద జరుగుతూ.

జూలై 7

మళ్ళీ అదే. వదిన లాగింది. పాలు ఎనిమిదిన్నరకి చేరాయి. కేంద్రంలో వాడు గడియారం వంక చూసి ఊరుకున్నాడు. రేపటి నుంచి ఊరుకోనన్నాడు.

జూలై 8

టైరు బాగుంది. కుదుపు తెలియలేదు.

జూలై 9

నేను చూడలేదు.

జూలై 10

నేను చూడలేదు. బానెట్ ఎత్తు. పదకొండు అడుగుల లోపల ఏమున్నా కనబడదు. జూలై ఒకటిన రాసుకున్నాను, కావాలంటే చూసుకోవచ్చు.

ఎనిమిదో తేదీన వదిన ఊళ్ళోకి వెళ్ళిందట. ఆ సంగతి నాకు తెలియదు. ఎప్పటిలాగే ఆగాను, చిన్న గేరు వేశాను, ఎప్పటిలాగే దాటాను. పక్కకి తప్పుకునే ఉంటాడనుకున్నాను. ముందు చక్రం ఎక్కినప్పుడు కందకం గట్టనుకున్నాను. వెనక చక్రం ఎక్కినప్పుడు కూడా గట్టే అనుకున్నాను. క్యాను నలిగిన చప్పుడుకి ఆపాను. దిగి చూస్తే క్యాను పలక అయిపోయింది. అన్న నడుము దాని పక్కన. ప్యాంటు మీద టైరు దిమ్మల అచ్చు దిగింది, ఒక్కొక్కటి నాలుగు వేళ్ళ ఎడంగా, లెక్కపెట్టేంత స్పష్టంగా. కళ్ళు తెరిచే ఉన్నాయి. పాలక్యాన్లు దించి, అన్నని ఎక్కించుకుని ఆసుపత్రికి నడిపాను. దారంతా ఆ టైర్ల రొద.

పోలీసాయన వచ్చి కందకం కొలిచాడు, చక్రం కొలిచాడు, నా పన్ను లేని చోటు చూశాడు.

"మీ ఇద్దరికీ పడదటగా?"

"తగువేమీ లేదండీ."

"మోకాలు ఎలా విరిగింది ఆయనది?"

"పడ్డాడు."

"నువ్వూ అప్పుడే పడ్డావా, మూతి మీద?"

బండి తీసుకుపోయారు.

జూలై 12

ఆసుపత్రిలో అన్నని నా ఎదురుగానే అడిగారు. నడుము కింద అంతా గుడ్డ కప్పి ఉంది, గుడ్డ కింద ఎత్తు లేదు. వదిన తలవైపు, మా ఆవిడ కాళ్ళవైపు. కాళ్ళు ఉండాల్సిన చోట మంచం పట్టె పట్టుకుని నిలబడింది.

"వాడు చూడలేదు సార్" అన్నాడు అన్న. "బండి ఎత్తు. నేను కింద కూర్చున్నాను. వాడు చూడలేదు."

పోలీసాయన రాసుకున్నాడు. ఇంకోసారి అడిగాడు. ఇంకోసారి అదే చెప్పాడు. తరవాత నన్ను దగ్గరికి రమ్మని తల ఆడించాడు.

"పన్ను పెట్టించుకోరా. అసహ్యంగా ఉంది."

జూలై 13

అన్న పోయాడు.

జూలై 14

అన్న అబద్ధం చెప్పడు. చిన్నప్పటి నుంచీ అంతే. చూడలేదన్నాడంటే చూడలేదనే.

జూలై 19

టైర్ల బాబాయి దగ్గరికి నడిచి వెళ్ళాను. బకెట్ సంగతి పోలీసులకి చెప్పమని అడగడానికి. ఏదో చక్రానికి అతుకు వేస్తున్నాడు, తల ఎత్తలేదు.

"వాళ్ళే వచ్చారు. చెప్పాను. బకెట్ కనబడదు, నేనే కొలిచి చూపించాను అన్నాను."

"నయం."

"అబ్బాయ్, మీ అన్న బకెట్ అంత ఉంటాడా?"

గాలి యంత్రం ఆన్ చేశాడు. ఆ మోతలో నేనేం చెప్పినా వినబడదు. నిలబడి, వచ్చేశాను.

జూలై 26

బండి ఇచ్చేశారు. కాగితం మీద అన్న మాటే ఉంది. టైర్లు కడిగినట్టున్నారు, దిమ్మల మధ్య మట్టి కూడా లేదు.

తెచ్చి కొట్టం ముందు పెడితే మా ఆవిడ వచ్చింది. పద్దెనిమిది రోజులుగా నాతో మాట్లాడలేదు. చేతిలో పాలక్యాను.

"కందకం దగ్గరికి తే బండి."

"ఎందుకు?"

"తే."

తను ముందు నడిచింది. కందకంలోకి దిగి అవతలి గట్టు ఎక్కింది. నేల ఇంకా నల్లగా ఉన్న చోట క్యాను బోర్లించి కూర్చుంది. నేను బండి పోనిచ్చి రోజూ ఆపే చోట ఆపాను. ఆ చోటు వెతుక్కోనక్కర్లేదు. రోజూ ఆగి ఆగి చక్రాలకి తగినట్టు రెండు గుంటలు పడ్డాయి, బండి దానంతట అదే కుదురుకుంది.

"చిన్న గేరు వెయ్యి" అని అరిచింది. "ఇక్కడే కదా వేస్తావు?"

వేశాను.

"నేను కనబడుతున్నానా?"

పాపిట కనబడుతోంది. నుదురు, రెండు కళ్ళు, ముక్కు, గడ్డం కింద దాకా. మెడ కింద నుంచి బానెట్ అడ్డం. చేతులు ఒళ్ళో ఉన్నాయో ఎక్కడున్నాయో తెలియలేదు.

"కనబడటం లేదు" అన్నాను.

కుడిచెవి నా వైపు తిప్పింది.

"ఏంటి?"

"కనబడటం లేదు."

తను మళ్ళీ తల నిటారుగా పెట్టి చూసింది. ఇంజను మోగుతూనే ఉంది.

"నాకు నీ కళ్ళు కనబడుతున్నాయి" అంది. "రెండూ."

లేచింది. క్యాను అక్కడే వదిలేసింది. ఇంటివైపు రాలేదు. వెనక్కి తిరిగి అన్న చేలోంచి వాళ్ళ అక్క ఇంటికి నడిచిపోయింది.

జూలై 27

మా ఆవిడ రాలేదు. గేదెలకి నేనే పాలు పిండాను. బాట మీద ఇప్పుడు ఎవరూ లేరు, కందకం అలాగే ఉంది. దాటాను. క్యాను పక్కకి పెట్టి దాటాను.

జూలై 28

ఆగాను. చిన్న గేరు వేశాను. అన్న నా వంకే చూస్తున్నాడు. వదిన కోసం అటూ ఇటూ చూశాను, రాలేదు. పలుగు తేలేదు అన్న ఆ రోజు, ఎనిమిదిన. ఒళ్ళో చంకకర్ర కూడా లేదు, గిన్నె ఉంది. మూత పెట్టిన మజ్జిగ గిన్నె. నేను హారను కొట్టలేదు.

లేస్తాడనుకున్నాను. లేవబోయాడు కూడా. గిన్నె కింద పెట్టి, గట్టు మీద చెయ్యి ఆనించి.

అన్న లేవడానికి ఎంతసేపు పడుతుందో నాకు తెలుసు. మూడు నట్లు విప్పేంతసేపు, అదీ ఒకరు పట్టుకుంటే.